మూడు వందల మాటలు వచ్చినా వాక్యం రాని పిల్లలు

ప్రశ్న: నేను ఇచ్ఛాపురం దగ్గరి ఒక ఊళ్లో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయురాలిని. మా వీధిలో ఇంట్లో ఒడియా మాట్లాడుకునే కుటుంబాల పిల్లలు ఎనిమిది మంది, ఏడేళ్ల నుంచి పదేళ్ల లోపు వారు, సాయంత్రం పూట మా అరుగు మీదికి వచ్చి తెలుగు నేర్చుకుంటున్నారు. ఏడాదిగా బొమ్మల పటాలతో మూడు వందలకు పైగా మాటలు నేర్పాను. ఏ వస్తువు చూపించినా పేరు చెప్తారు. కానీ దాహం వేస్తే "టీచరుగారూ, నీళ్లు" అంటారే తప్ప పూర్తి వాక్యం నోట రాదు. వీళ్లను మాటల దగ్గర నుంచి పెద్ద వాక్యాల దాకా ఎలా నడిపించాలి? తప్పు మాట్లాడితే వెంటనే దిద్దాలా? పుస్తకాల తెలుగు నేర్పాలా, మా ఊరి తెలుగు నేర్పాలా? వ్యాకరణం ఎప్పుడు మొదలుపెట్టాలి? నేర్పిన మాటల జాబితాను జత చేస్తున్నాను. ఇంకొక సంగతి. ఒక పాప చంకలో చెల్లిని ఎత్తుకుని రోజూ వస్తుంది, ఏడాదిగా తెలుగులో నోరు విప్పలేదు. ఆమెకు తెలుగు వస్తుందంటారా?

సమాధానం:

టీచరు గారికి నమస్కారం.

మీ ఉత్తరం కంటే ముందు మీరు జత చేసిన జాబితాను చదివాను. చదివి ఊరుకోకుండా పెన్సిలు పట్టుకుని లెక్క కూడా పెట్టాను. అందులో 312 మాటలు ఉన్నాయి. పండ్లు, కూరగాయలు, జంతువులు, పక్షులు, వంటింటి సామాను, శరీర భాగాలు, వరసలు, వారాలు, రంగులు, అంకెలు అన్నీ కలిపితే 293 అయ్యాయి. మిగిలిన 19 మాత్రమే క్రియలు. అవి కూడా రా, పో, తే, ఇవ్వు, లే, కూర్చో, తిను, తాగు, చదువు అన్న తీరులో, ఒక్కటి కూడా మినహాయింపు లేకుండా, ఆజ్ఞలుగానే ఉన్నాయి. మీ ప్రశ్నకు సగం సమాధానం ఈ లెక్కలోనే దొరుకుతుందని నా అభిప్రాయం. మాటలు చాలక ఈ పిల్లలకు వాక్యం రాకపోవడం లేదు. వాక్యాన్ని కట్టే మాటలు వాళ్లకు ఇంకా అందలేదు. అందిన ఆ కొద్దివి కూడా ఒకరి చేత పని చేయించుకునే రూపంలో అందాయి గానీ, తాము చేసిన పనిని ఇంకొకరికి చెప్పుకునే రూపంలో అందలేదు.

ఇది మీ ఒక్కరికి ఎదురైన ఇబ్బంది కాదు. పటంలో అరటిపండును చూపించగలం, "తిని" అన్న మాటను చూపించలేం. అందువల్ల పటాలతో పాఠం చెప్పే వారందరి జాబితాలూ పేర్లతోనే నిండిపోతాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కొండ కింద ఉన్న ఒక బడిలో సవర పిల్లలకు ఇలాగే రెండేళ్లు పటాలు చూపించి, వాళ్లు గడగడా పేర్లు అప్పజెప్తుంటే తెలుగు వచ్చేసిందని మురిసిపోయాను. ఒకనాడు ఒక పిల్లవాడు మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తూ వచ్చి, "సార్, రాయి, కాలు, నెత్తురు" అని, అక్కడితో ఆగిపోయి నా ముఖం వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ మూడు మాటలూ నేను నేర్పినవే. ఎవరైనా రాయి విసిరారో, రాయి తగిలి తానే పడ్డాడో చెప్పడానికి వాడికి కావలసినదాన్ని మాత్రం నేను నేర్పలేదు.

కాబట్టి మొదట చేయవలసిన పని, కొత్త పేర్లు నేర్పడాన్ని కొంతకాలం పూర్తిగా ఆపివేయడం. ఉన్న 293 పేర్లు రెండేళ్లకు సరిపోతాయి. ఇకపై ఒక్కొక్క క్రియను తీసుకుని, దాన్ని ఒక్క మాటగా కాక ఒక కుటుంబంగా నేర్పండి. తెలుగులో ఆజ్ఞారూపం కొన్ని చోట్ల క్రియ అసలు ముఖాన్ని దాచేస్తుంది. "రా" అన్న మాట మాత్రమే తెలిసిన పిల్లవాడు "వచ్చాను", "వచ్చి", "వస్తే" అన్నవి దాని రూపాలేనని ఊహించలేడు. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఆ "రా" మళ్లీ "రాలేదు", "రాకుండా", "రాని" అన్న వ్యతిరేక రూపాలలో తిరిగి బయటికి వస్తుంది. "తే" కూడా అంతే. తెచ్చాను, తెచ్చి, తెస్తే అని నడిచి, తేలేదు, తేకుండా అని మొదటికి వస్తుంది. మన నాలుకకు అలవాటు కనుక మనకు ఇది ఆశ్చర్యంగా ఉండదు. "వచ్చకుండా" అన్న పిల్లవాడిని చూసి నవ్వేస్తాం. నిజానికి ఆ పిల్లవాడు మనం చెప్పని సూత్రాన్ని తనంతట తానే కనిపెట్టి వాడుతున్నాడు. ఆ సూత్రం ఇటువంటి క్రియలకు పనికి రాదంతే.

ఒక్కొక్క క్రియకు ఆరు రూపాలు చాలు. జరిగినది చెప్పే వచ్చాను, జరగబోయేది చెప్పే వస్తాను, ఒక పని ముగించి ఇంకొకటి చేశామని చెప్పే వచ్చి, షరతును చెప్పే వస్తే, పేరుకు ముందు నిలబడే వచ్చిన, కాదని చెప్పే రాకుండా. రావడం, వెళ్లడం, తినడం, తాగడం, ఇవ్వడం, తేవడం, చూడడం, చెప్పడం, చేయడం, పడడం, కొనడం, ఉండడం అనే పన్నెండు పనులకు ఈ ఆరేసి రూపాలు నోట ఆడితే, వాటిని మీ 293 పేర్లతో కలిపి ఆ వయసు పిల్లలు రోజులో చెప్పవలసిన మాటల్లో చాలా భాగాన్ని చెప్పగలుగుతారు. వారానికి ఒక్క క్రియ మించి పెట్టుకోకండి. తినడం, కొనడం, ఉండడం అన్నవాటిని పక్కపక్కన నేర్పితే తింటే, కొంటే, ఉంటే అన్న ప్రాస పిల్లల చెవికి దానంతట అదే పడుతుంది. ఇవ్వడాన్నీ తేవడాన్నీ రావడంతో కలిపి నేర్పితే ఇస్తే, తెస్తే, వస్తే అన్నది ఇంకొక ప్రాస అవుతుంది. ఈ వయసులో సూత్రం కంటే ప్రాస ఎక్కువ పని చేస్తుంది.

మీరు అడిగే ప్రశ్నలను కూడా మార్చుకోవాలి. "ఇది ఏమిటి?" అని అడిగినంత కాలం జవాబు ఒక్క పేరే అవుతుంది, ఎందుకంటే ఆ ప్రశ్నకు సరైన జవాబు అదే. తెలుగులో మనకు ఉన్న గొప్ప వెసులుబాటు ఏమిటంటే, అడిగిన వారు తమ ప్రశ్నలోనే జవాబును దాదాపు పూర్తిగా అందిస్తారు. "నీళ్లు తాగి వస్తావా?" అని అడిగితే, మనలో ఎవరమూ "అవును" అని ఊరుకోము, "తాగి వస్తాను" అంటాం. చివరి అక్షరం ఒక్కటి మార్చుకుంటే వాక్యం తయారవుతుంది. మీ అరుగు మీద పిల్లవాడు "టీచరుగారూ, నీళ్లు" అన్నప్పుడు చెంబు అందించే ముందు "నీళ్లు తాగి ఆడుకుంటావా, ఆడుకుని తాగుతావా?" అని అడగండి. వాడు ఏది ఎంచుకున్నా సంక్లిష్ట వాక్యమే చెప్తాడు, అదీ తనకు అవసరమై చెప్తాడు. అయితే దాహంతో ఉన్న పిల్లవాడిని వాక్యం చెప్పేదాకా నిలబెట్టకూడదు. అడగండి, ఒక్క క్షణం ఆగండి, జవాబు రాకపోతే "తాగి ఆడుకో" అని మీరే చెప్పి నీళ్లు ఇచ్చేయండి. రేపు మళ్లీ దాహం వేస్తుంది.

పేర్ల విషయంలో ఒక్క మరమ్మతు మాత్రం చేయాలి. జాబితాలో "ఇల్లు" అని ఉంది గానీ వాక్యంలోకి వచ్చేసరికి అది "ఇంట్లో", "ఇంటికి" అవుతుంది. నోరు నోట్లో అవుతుంది, పెరడు పెరట్లో అవుతుంది, ఊరు ఊళ్లో అవుతుంది, చెయ్యి చేతిలో అవుతుంది. ఇటువంటి పేర్లు మీ జాబితాలో ఇరవైకి మించి లేవు. వాటిని జంటలుగా చెప్పించండి. మిగిలినవాటికి లో, కి, తో, మీద అని తగిలిస్తే సరిపోతుంది, వాటి కోసం ప్రత్యేకంగా పాఠం అక్కరలేదు.

ఇక పెద్ద వాక్యం సంగతి. మన బడి పుస్తకాలు వాక్యాన్ని పొడిగించడానికి మొదట "మరియు" అన్న మాటను చేతికి ఇస్తాయి. అది నాకు ఎన్నడూ నచ్చలేదు. ఇంట్లో గానీ సంతలో గానీ ఆ మాటను ఎవరూ వాడరు. అమ్మా నాన్నా వచ్చారు అంటాం, కొబ్బరీ జీడిపప్పూ తెచ్చారు అంటాం. రెండు పనులను కలపవలసి వచ్చినప్పుడు మొదటి క్రియను ముగించకుండా వదిలి, రెండవదానితో ముగిస్తాం. "లేచాను మరియు ముఖం కడుక్కున్నాను మరియు చద్దన్నం తిన్నాను" అని నేర్చుకున్న పిల్లవాడికి ఆ అలవాటు మాన్పించడం, ఏమీ రాని పిల్లవాడికి "లేచి, ముఖం కడుక్కుని, చద్దన్నం తిని బడికి వచ్చాను" అని నేర్పడం కంటే కష్టం.

ఈ ముగించని క్రియ మీద మీరు ఎంత ఎక్కువ కాలం గడిపితే అంత మంచిది. అందుకు మీ ఉద్దానం ప్రాంతంలో పాఠానికి కరువు లేదు. తోటకు వెళ్లి, చెట్టు ఎక్కి, కాయలు దింపి, పీచు తీసి, పగలగొట్టి, కోరి, పచ్చడి నూరి అన్నంలో కలుపుకుని తిన్నాం అని చెప్పేటప్పుడు, ఆ పనులను నిజంగా చూసిన పిల్లలకు వరస గుర్తు పెట్టుకోవలసిన అవసరమే ఉండదు, క్రియ రూపం మీద మాత్రం మనసు పెడితే చాలు. ఎనిమిది మందినీ గుండ్రంగా కూర్చోబెట్టి, మొదటి వారు ఒక్క పని చెప్తే రెండవ వారు దాన్ని "ఇ" కారంతో ముగించకుండా వదిలి మరొక పని కలిపేలాగా ఆట ఆడించండి. తోటకు వెళ్లాను, తోటకు వెళ్లి చెట్టు ఎక్కాను, తోటకు వెళ్లి చెట్టు ఎక్కి కాయ కోశాను అని అది చుట్టూ తిరిగి వచ్చేసరికి ఎనిమిదవ పిల్లవాడి నోట ఎనిమిది పనుల వాక్యం వస్తుంది. మొదటి రోజు నాలుగవ వారి దగ్గర తెగిపోతుంది. తెగిన చోటి నుంచి మళ్లీ మొదలు పెట్టించండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని మీరు ముందే తెలుసుకుని ఉండాలి. ఈ రూపం రెండు పనులనూ చేసిన వారు ఒక్కరే అయినప్పుడు సాఫీగా నడుస్తుంది. "అమ్మ వచ్చి అన్నం పెట్టింది" అంటే సరిపోతుంది. "అమ్మ వచ్చి నేను తిన్నాను" అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, అక్కడ "అమ్మ వచ్చాక నేను తిన్నాను" అనాలి. "వర్షం పడి చెరువు నిండింది" వంటి వాక్యాలలో కర్తలు వేరైనా ఒకటి మరొకదానికి కారణం కనుక భాష ఒప్పుకుంటుంది. కానీ ఆ మినహాయింపును పిల్లలకు చెప్పనక్కరలేదు. గొలుసు ఆట బాగా వచ్చిన నెలకో నెలన్నరకో ఈ "వచ్చాక", "తిన్నాక" అన్న రూపాన్ని ప్రవేశపెట్టండి. తొందరపడి ముందే రెండూ కలిపి చెప్తే రెండూ కలగాపులగం అవుతాయి.

మీ పిల్లల మాతృభాష ఒడియా కావడం మీకు అడ్డంకి అని మీ ఉత్తరంలో ధ్వనిస్తోంది. అది ఎంతో కలిసి వచ్చిన సంగతి అని నేను అంటాను. నాకు ఒడియా కొద్దిగా వచ్చు, బరంపురం స్టేషనులో "పాణి", "చాహా" అన్న రెండు మాటలతో మొదలుపెట్టి మీ పిల్లల లాగానే చాలా కాలం అక్కడే ఆగిపోయినవాణ్ణి. ఒడియా భాషా కుటుంబం వేరైనా, క్రియను చివర పెట్టడంలోనూ ముగించని క్రియలతో వాక్యాన్ని పెంచుకుంటూ పోవడంలోనూ మన పొరుగు భాషే. మనం "తిని" అన్న చోట వాళ్లు "ఖాఇ" అంటారు. "వాడు వస్తే నేను వెళ్తాను" అన్నదాన్ని "సే ఆసిలే ము జిబి" అని, వరస కూడా మారకుండా అంటారు. మన "అని"కి సరిగ్గా సరిపడే మాట వాళ్లకు "బోలి". మనకు "నాకు ఆకలి వేస్తోంది" అన్నట్టే వాళ్లకు "మోతే భోక లాగుచి", ఆకలి అయిన మనిషికే రెండు భాషల్లోనూ కు-విభక్తి తగులుతుంది. అంటే ఈ పిల్లలకు పెద్ద వాక్యం ఎలా ఉంటుందో తెలియక కాదు, రోజూ ఇంట్లో అటువంటివి వందలు చెప్తూనే ఉన్నారు. దాని తెలుగు తొడుగు మాత్రమే తెలియదు. అందువల్ల అరుగు మీద ఒడియా మాట్లాడవద్దని ఆంక్ష పెట్టి ఉంటే దాన్ని ఈ రోజే ఎత్తివేయండి. ఒక పిల్లవాడు ఒడియాలో పూర్తి వాక్యం చెప్తే మీరు దాన్ని అదే వరసలో తెలుగులో తిరిగి చెప్పండి. ఈ సరిహద్దు ఊళ్లో ఏళ్లుగా ఉన్నవారు కనుక మీకు ఆ భాష చెవికి కొత్త కాదనుకుంటాను.

రెండు భాషలూ ఎక్కడ విడిపోతాయో కూడా చెప్తాను, తప్పులు రాబోయేది సరిగ్గా అక్కడే. ఒడియాలో అన్న వచ్చినా అక్క వచ్చినా "ఆసిలా" ఒక్కటే. మనకు "వచ్చాడు", "వచ్చింది" వేరు, పైగా అక్కకూ బస్సుకూ ఒకే "వచ్చింది". "అక్క వచ్చాడు" అని చాలా కాలం వింటారు. రెండవది, "ఆమే" అన్న ఒక్క మాటకు మనకు "మేము", "మనం" అని రెండు ఉన్నాయి. దీన్ని వివరించి చెప్పి లాభం లేదు, పిల్లలను రెండు జట్లుగా విడదీసి ఆటలో పెడితే ఒక్క పూటలో పట్టుకుంటారు. మూడవది కొంచెం సూక్ష్మమైనది. "ఆసిలే" అన్న ఒక్క రూపం ఒడియాలో "వచ్చారు" అన్న అర్థానికీ "వస్తే" అన్న అర్థానికీ పనికి వస్తుంది. కనుక "నాన్నగారు వస్తే" అనవలసిన చోట "నాన్నగారు వచ్చారు" అని చెప్పి, ఆ తరువాత ఏమీ చెప్పలేక తడబడే పిల్లలు కనిపించవచ్చు.

షరతు వాక్యానికి ఆట అందరికీ తెలిసినదే. "వాన పడితే?" అని మీరు వదిలేస్తే ఒక్కొక్కరూ ఒక్కో రకంగా ముగించాలి. తరువాత "వాన పడినా?" అని వదలండి. పడితే గొడుగు తెస్తాను, పడినా ఆడుకుంటాను అని ఒక్క అక్షరంతో అర్థం తలకిందులు కావడం పిల్లలకు భలే సరదాగా ఉంటుంది. కారణం చెప్పవలసి వచ్చినప్పుడు వాళ్లు "ఎందుకంటే" అని వెనకనుంచి అతికిస్తారు. అతికించనివ్వండి, "కాబట్టి" ఆ తరువాత వస్తుంది.

"అని" నేర్పడానికి కబురు మోయించడాన్ని మించిన పద్ధతి నాకు తెలియదు. ఇద్దరు పిల్లలను దూరంగా నిలబెట్టి మూడవ వారితో కబురు పంపండి. లేదా "రేపు సాయంత్రం పాఠం లేదని మీ అమ్మతో చెప్పి, ఆవిడ ఏమన్నారో వచ్చి చెప్పు" అని ఇంటికే పంపండి. తల్లి ఒడియాలో జవాబు చెప్తుంది, పిల్లవాడు దాన్ని మోసుకుని వచ్చి తెలుగులో చెప్పాలి. ఇందులో తెలుగు ఒక ఉపకారం చేస్తుంది. "వస్తాను" అన్న మాటను "తాను వస్తానని చెప్పింది" అని, మాట్లాడిన వారి క్రియను మార్చకుండానే మోసుకురావచ్చు. ఈ మెట్లన్నిటిలోనూ ఇది పిల్లలకు తేలికగా వస్తుందని నా అనుభవం. పుస్తకాలు దీన్ని చాలా ఆలస్యంగా పెడతాయి, మీరు ముందుకు జరుపుకోండి.

చివరి మెట్టు "వచ్చిన", "కొన్న", "రాని" వంటివి పేరుకు ముందు వచ్చి నిలబడడం. "నిన్న సంతలో కొన్న కొబ్బరికాయ" అన్నప్పుడు వినేవాడు కొబ్బరికాయ వచ్చేదాకా దేని గురించి చెప్తున్నారో తెలియకుండా ఆగాలి. ఒడియాలో "కిణిథిబా నడియా" అని ఇదే పద్ధతి ఉంది గానీ, "జేఉఁ" అని మొదలుపెట్టి "సే" అని ముగించే రెండు ముక్కల పద్ధతి కూడా ఉంది కనుక కొందరు పిల్లలు "ఏ కాయ కొన్నామో ఆ కాయ" అని దాన్నే తెలుగులోకి తెస్తారు. అది తప్పు కాదు, తెలుగులో దానికీ చోటు ఉంది. పొట్టి దారి చూపించడానికి పోయిన వస్తువుల ఆట బాగుంటుంది. అందరి పెన్సిళ్లూ చెప్పులూ ఒక దగ్గర పోసి, పేర్లు చెప్పకుండా "నిన్న ఆలస్యంగా వచ్చిన అబ్బాయిది", "చంకలో చెల్లిని ఎత్తుకున్న అమ్మాయిది", "అన్నం తినకుండా వచ్చినవాడిది" అని పోల్చుకోమనండి. ఈ మెట్టుకు మూడు నాలుగు నెలలు పట్టినా బెంగ పడవద్దు.

తప్పులు దిద్దే విషయంలో నా మాట సూటిగా చెప్తాను. మాట్లాడుతున్న పిల్లవాడిని మధ్యలో ఆపి దిద్దకండి. "అక్క వచ్చాడు" అంటే "అక్క వచ్చిందా? వచ్చి ఏం చేసింది?" అని అడగండి. సరైన రూపం వాడి చెవిలో రెండు సార్లు పడింది, వాక్యానికి ఇంకొక కొక్కెం తగిలింది, వాడి మాటకు అడ్డం పడలేదు. వాడు మళ్లీ "వచ్చాడు" అన్నా వదిలేయండి. అయితే అన్నిటినీ ఎల్లకాలం వదిలేయమని కాదు. ఒకే తప్పు ముగ్గురు నలుగురి నోట వారాల తరబడి వినిపిస్తే, ఏ ఒక్కరి పేరూ ఎత్తకుండా మరునాటి ఆటను ఆ రూపం చుట్టూ అల్లండి. రాత పనికి ఎర్ర సిరా వద్దు. నోట ఇంకా ఆడని వాక్యాన్ని అసలు రాయించనే వద్దు.

పుస్తకాల తెలుగా, మీ ఊరి తెలుగా అని అడిగారు. పిల్లలు వీధిలో "ఏటి సేస్తన్నావు", "నానొస్తాను", "అమ్మ ఇంట్లో నేదు" అని వింటారు, బడి పుస్తకంలో "ఏమి చేస్తున్నావు", "నేను వస్తాను", "లేదు" అని చదువుతారు. ఈ రెంటికీ ఉచ్చారణలో ఉన్నంత దూరం వాక్యం కట్టులో లేదు. "నాను బడికొచ్చి ఆడుకున్నాను" అన్న గుంటడు సంక్లిష్ట వాక్యం చెప్పినట్టే. వీధిలో చెలిమి చేయడానికి ఆ తెలుగు, చదవడానికి ఈ తెలుగు అని రెండూ వాళ్లకు కావాలి. మీ సహజమైన మాట తీరును మార్చుకుని పుస్తకంలాగా మాట్లాడకండి, పుస్తకం చదివి వినిపించేటప్పుడు మాత్రం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవండి. తేడాను పిల్లలే పసిగడతారు.

ఈ సందర్భంలో మన జిల్లా మనిషిని తలచుకోకుండా ఉండలేను. 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగానే అందరికీ గుర్తు, ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కానీ ఆయన సవర భాషను నేర్చుకున్న తీరు మన పనికి ఎక్కువ దగ్గర. చదువుకోవడానికి పుస్తకమంటూ లేని ఆ భాషను మాట్లాడేవారి నోట విని, వారితో మాట్లాడి నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణ గ్రంథం 1931లోనూ, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. సవర ముండా కుటుంబానికి చెందిన భాష, క్రియ తన కడుపులోనే పేరును కూడా ఇముడ్చుకుని ఒక్క మాటతో వాక్యమంత అర్థం చెప్పగలదు. అటువంటి భాషను వస్తువుల పేర్లు ఏరుకుంటూ పోయి ఎవరూ పట్టుకోలేరు. నా కొండ కింది బడిలో మోకాలు చెక్కుకుపోయిన పిల్లవాడిని తలచుకున్నప్పుడల్లా, వాడి భాషలో అంత సంపన్నమైన క్రియ ఉండగా నేను వాడికి నా భాషలోని పేర్లు మాత్రమే పంచిపెట్టానన్న సంగతి గుర్తుకు వస్తుంది.

వ్యాకరణం ఎప్పుడు అంటే, పిల్లలకు ఇప్పట్లో వద్దు. క్త్వార్థకం (వచ్చి), చేదర్థకం (వస్తే), అప్యర్థకం (వచ్చినా), ధాతుజ విశేషణం (వచ్చిన) అన్న పేర్లు మీకు తెలిసి ఉంటే చాలు. ఈ వారం ఏ ఆట ఆడించాలో తేల్చుకోవడానికి అవి మీకు పనికి వస్తాయి. హైస్కూలుకు వెళ్లాక పరీక్షలో సంక్లిష్ట వాక్యాన్ని గుర్తించమని అడిగినప్పుడు, తాము ఏళ్లుగా చెప్తున్నదానికే ఆ పేరు ఉందని వాళ్లకు తెలుస్తుంది.

ఇక ఆ పాప. ఏడాదిగా రోజూ వస్తోందంటే, మీరు పిలవకపోయినా ఎవరూ లాక్కుని రాకపోయినా చంకలో పిల్లతో సహా వస్తోందంటే, ఆమె వింటోంది. కొందరు పిల్లలు ముక్కలుగా మాట్లాడడం ఇష్టం లేక వాక్యం తయారయ్యేదాకా నోరు తెరవరు, అటువంటి వారిని ఇద్దరు ముగ్గురిని చూశాను. ఆమెను గుండ్రంలో కూర్చోబెట్టండి గానీ ఆమె వంతు వచ్చినప్పుడు కళ్లన్నీ ఆమె మీదికి తిరగకుండా పక్కవారికి ఆటను జరిపేయండి. చేతలతో జవాబు చెప్పగల పనులు అప్పగించండి. "కిటికీ మూసి, చాప మడిచి, గోడ పక్కన పెట్టు" అని మీరు చెప్పినప్పుడు మూడు పనులూ వరసగా చేసిందంటే ముగించని క్రియ ఆమెకు అర్థమైనట్టే. అర్థం కాకుండా అటూ ఇటూ చూస్తూ ఉంటే, ఇంట్లో ఒడియాలో కూడా మాటలు లేవని తల్లి చెప్తే మాత్రం, ముందుగా చెవులు చూపించమనండి.

ఆమె మాట్లాడే రోజు ఏ పాఠం మధ్యలోనో రాకపోవచ్చు. లేచి చెల్లిని సర్దుకుంటూ "చెల్లి ఏడిస్తే నేను వెళ్తాను" అని గుమ్మం దగ్గర నిలబడి అనవచ్చు. అప్పుడు చప్పట్లు కొట్టకండి, మిగిలిన పిల్లలను పిలిచి చూపించకండి. చెల్లి నిద్రపోయాక వస్తావా అని అడగండి.